పక్కింటివాడి పేరు: మెదక్ పల్లెల్లో బాణామతి చరిత్ర

1985లో అమెరికాలో ‘ఫ్రైట్ నైట్’ అనే సినిమా వచ్చింది. టామ్ హాలండ్ రాసి తీసిన ఆ సినిమాకు ఇప్పటికీ వీరాభిమానులున్నారు. చార్లీ బ్రూస్టర్ అనే కుర్రాడి పక్కింట్లోకి జెర్రీ డాండ్రిజ్ అనే అందగాడు కొత్తగా దిగుతాడు. రాత్రిపూట ఆ ఇంట్లోకి శవపేటిక మోసుకుపోవడం చార్లీ చూస్తాడు. ఆ ఇంటికి వచ్చిన ఆడవాళ్లు తర్వాత శవాలై వార్తల్లోకి ఎక్కుతారు. పక్కింటివాడు రక్తపిశాచి అని కుర్రాడు నిశ్చయించుకుంటాడు. పోలీసులు నవ్వుతారు, స్నేహితులు నమ్మరు, తల్లి అయితే ఆ మనిషినే మర్యాదగా ఇంట్లోకి పిలుస్తుంది. చివరికి కుర్రాడి అనుమానమే నిజమని తేలుతుంది. మనం మొదటినుంచీ చార్లీ పక్షానే ఉంటాం, ఎందుకంటే దర్శకుడు మనకు కోరలు చూపించాడు. ఆ రుజువు తీసేస్తే కథలో మిగిలేది ఇంతే: ఒక కుర్రాడు కిటికీలోంచి పొరుగువాణ్ని రాత్రింబగళ్లు గమనిస్తూ, అతను మనిషి కాడని ఊరంతా చెబుతూ, చివరికి మేకు పట్టుకుని అతనింటికి వెళ్లాడు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే, ఇప్పుడు మనం సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం అని పిలుస్తున్న నేలను కలుపుకుని ఉన్న పాత మెదక్ జిల్లా పల్లెల్లో, కోరలు ఎవరికీ కనిపించకుండానే అలాంటి కథ మళ్లీ మళ్లీ జరిగింది. దాని పేరు బాణామతి. ఆ చరిత్ర చదివితే నాకు తోచేది ఒక్కటి. మంత్రం మీద నమ్మకం ఉన్నంత మాత్రాన మనుషులు చావలేదు. కారణం తెలియని బాధకు ఎవరో ఒకరు ఒక పొరుగువాడి పేరు తగిలించినప్పుడే చచ్చారు. కాబట్టి ఆ పేరు ఎవరు చెబుతున్నారు, ఎందుకు చెల్లుతోంది అన్నదే చరిత్రకారుడు అడగాల్సిన ప్రశ్న.

బాణామతి అంటే ఊళ్లో ఏం అనుకునేవారో ముందు చూడాలి. పెట్టెలో మడిచిపెట్టిన బట్టలు ఉన్నట్టుండి అంటుకోవడం, రాత్రి ఇంటిమీద రాళ్లు పడటం, అన్నంలో మలమో వెంట్రుకలో కనబడటం, ఒంటిమీద అడ్డగీతలు, కొక్కెం గుర్తులు పొక్కులై లేవడం, కోడళ్లు ఊగిపోతూ కుక్కల్లా అరవడం, బట్టలు చింపుకోవడం, పాలిచ్చే బర్రె ఒక్కసారిగా ఎండిపోవడం. వీటిలో చాలావాటికి ఇవాళ సూటి సమాధానాలున్నాయి. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి రసం చర్మానికి తగిలితే వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాతో, మర్నాడో గీసినచోట గీసినట్టు పొక్కులు లేస్తాయి. అప్పటికి గీసిన చెయ్యి ఎక్కడో ఉంటుంది. పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పడితే కాసేపటికి దానంతటదే మంట పుడుతుంది, మధ్యలో ఉన్న ఆ కాసేపే అద్భుతానికి చోటిస్తుంది. ఊగిపోయే ఆడవాళ్ల సంగతి వేరు, దాని గురించి తర్వాత చెబుతాను. ఇక్కడ గమనించాల్సింది బాణామతి విస్తరించిన నేల. మెదక్‌తో పాటు కర్ణాటకలోని బీదర్, గుల్బర్గా, మహారాష్ట్రలోని మరాఠ్వాడా జిల్లాల్లో కూడా ఇదే పేరు, ఇవే లక్షణాలు. మూడు భాషల ఈ నేల 1956 దాకా ఒకే హైదరాబాదు రాజ్యం. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్, జహీరాబాద్ అంతకుముందు బీదర్ జిల్లాలోనివే. ఆంధ్ర తీరంలోనూ, ఏజెన్సీలోనూ చేతబడి, చిల్లంగి అన్న మాటలున్నాయి. భయం అక్కడా ఉంది. కానీ ఇళ్లు అంటుకోవడం, రాళ్లు పడటం, పొక్కులు లేవడం అన్నీ కలిసిన ఈ ప్రత్యేక రూపం భాషను బట్టి కాక పాత రాజ్యపు ఎల్లలను బట్టి పాకింది. చిన్న జాగీర్లు, వైద్యానికి పట్టణాలు దూరం, భూముల మీద ఎడతెగని తగాదాలు ఉన్న పల్లెలవి. ఒకే రకం జీవితం ఒకే రకం అనుమానానికి అలవాటు పడిందనుకోవడం తప్పు కాదు.

ఇక అనుమానం నడిచే దారి. ఇంట్లో ఒకరికి కడుపు ఉబ్బుతుంది, లేదా పసిబిడ్డ జ్వరంతో పోతుంది. ఊరి ఆర్‌ఎంపీ సూది వేస్తాడు, తగ్గదు. పట్నం ఆసుపత్రికి అప్పు చేసి పోతారు, అక్కడ ఏం రోగమో అర్థమయ్యేట్టు ఎవరూ చెప్పరు. అప్పుడు భూతవైద్యుడి దగ్గరికి పోతారు. అతను తమలపాకు మీద అంజనం వేస్తాడు, నిమ్మకాయలు కోస్తాడు, మందు పెట్టారని చెప్పి కక్కిస్తాడు. చాలాసార్లు పేరు తానుగా చెప్పడు. ‘మీ ఇంటికి తూర్పు దిక్కు, మీతో పొత్తు చెడినవాళ్లు, మీ వాకిట్లోకి వచ్చిపోయేవాళ్లు’ అంటాడు. మిగిలింది ఆ ఇల్లే పూరిస్తుంది. గెట్టు తగాదా ఉన్నవాడో, బాకీ అడిగినవాడో, బాకీ తీర్చనివాడో, ఒంటరిగా ఉండే ముసలమ్మో, ఆకుపసర్లు తెలిసిన పెద్దమనిషో వెంటనే గుర్తుకొస్తారు. ఇంగ్లండులో 16, 17 శతాబ్దాల మంత్రగత్తెల విచారణలను పరిశీలించిన చరిత్రకారుడు కీత్ థామస్ 1971లో రాసిన గ్రంథంలో ఇలాంటి సంగతే చూపించాడు. చెయ్యి చాపి వచ్చిన పేద పొరుగావిడకు ఏమీ పెట్టకుండా పంపినవాళ్లే, ఆ తర్వాత తమకు కష్టం వస్తే ఆవిడ మీద నింద వేశారు. మన పల్లెల్లో నింద దారి కొంచెం వేరు కావచ్చు, కానీ పాత తగాదా లేని మనిషి మీదికి అది వెళ్లడం అరుదు. పేరు ఖాయమయ్యాక జరిగేవాటిలో ఒకటి మాత్రం ఈ నేలకు బాగా తెలిసిన క్రూరత్వం: పళ్లు ఊడగొట్టడం. మంత్రం బలమంతా అక్షరం సరిగ్గా పలకడంలో ఉందని నమ్మకం. పళ్లు లేనివాడి నోట మంత్రం తప్పిపోతుంది కనుక చేతబడి చేశాడన్నవాడికి పట్టకారుతోనో రాయితోనో పళ్లు పీకేవారు. అంత జాగ్రత్తగా ఆలోచించిన నమ్మకం అది. ఆ ఆలోచనలో పేరు సరైనదేనా అన్న ప్రశ్నకు మాత్రం చోటు లేదు.

1980ల్లో ఈ భయం మెదక్ జిల్లాలో ప్రభుత్వం పట్టించుకోక తప్పనంతగా పెరిగింది. ఒక ఇంట్లో ఒక ఆడమనిషి ఊగితే వారం తిరిగేసరికి వాడకట్టులో నలుగురు ఊగేవారు. పోలీసులు, మానసిక వైద్యులు, హేతువాదులు, ఇంద్రజాలికులు ఊళ్లలో తిరిగారు. ఇంద్రజాలికుడు, హిప్నాటిస్టు బి.వి. పట్టాభిరామ్, విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలు ఆ పనిలో ఉన్నారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక తర్వాత ఆ బాధ్యతను ఊరూరా ఎత్తుకుంది. గాల్లోంచి విభూతి తీయడం, నీళ్లతో దీపం వెలిగించినట్టు చూపడం, నిప్పుల మీద నడవడం చేసి, వెంటనే అదెలా చేశారో జనానికి విప్పి చెప్పేవారు. వీటికన్నా విలువైన పని మరొకటి జరిగిందని నా అభిప్రాయం. ఊగుతున్న స్త్రీలను దొంగ వేషాలు వేస్తున్నారని ఎవరూ తిట్టకుండా మానసిక వైద్యులు అడ్డం నిలబడ్డారు. వాళ్ల బాధ నిజమైనదని, నోటితో చెప్పుకోలేని కష్టం ఒంటిమీదికి వచ్చిందని వివరించారు. అత్తింట్లో చిన్న కోడలికి కోపం చూపే హక్కు లేదు, ఏడ్చే చోటు లేదు. ఒంటికి బాణామతి సోకిందంటే మాత్రం ఇల్లంతా ఆమె మాట వింటుంది. ఈ సంగతి పట్టుకున్నవాళ్లు రోగిని రోగిగా చూశారు, ఆమె చెప్పిన పేరును మాత్రం సాక్ష్యంగా తీసుకోలేదు. బాధ నిజం, పేరు నిజం కాదు అని విడదీసి చెప్పగలగడం ఆ కాలపు పెద్ద విజయం. మూఢనమ్మకం అని ఒక్కమాటలో కొట్టిపారేసే ఉపన్యాసకుడికి ఈ విభజన చేతకాదు. అతను బాధను కూడా అబద్ధమంటాడు, జనం అతన్ని వినరు.

రక్తపిశాచి కథ పుట్టిన చోట కూడా చరిత్ర ఇదే. సినిమాల్లో మనం చూసే కోటలు, నల్ల కోట్లు తర్వాత వచ్చినవి. 1725లో సెర్బియాలోని కిసిల్జెవో అనే పల్లెలో పీటర్ బ్లగోజెవిచ్ అనే రైతు చనిపోయాడు. తర్వాత 8 రోజుల్లో 9 మంది జబ్బుపడి పోయారు. పోయేముందు పీటరే వచ్చి గొంతు పట్టుకున్నాడని చెప్పారు. ఆస్ట్రియా అధికారి ఎదుటే ఊరివాళ్లు సమాధి తవ్వి, గుండెలో మేకు దిగ్గొట్టి, శవాన్ని కాల్చారు. 1732లో మెద్వెజా అనే ఊళ్లో ఇలాంటి చావుల మీద సైనిక వైద్యుడు యొహాన్ ఫ్లూకింగర్ సమాధులు తవ్వించి రాసిన నివేదిక యూరప్ అంతా చదివింది. అనుమానితులంతా ఆ ఊరివాళ్లే, నిన్నమొన్నటి దాకా పక్కింట్లో ఉన్నవాళ్లే. శవం ఉబ్బి ఉండటం, పెదాల దగ్గర ఎర్రటి ద్రవం, గోళ్లు పెరిగినట్టు కనబడటం రక్తం తాగిన ఆనవాళ్లని వాళ్లు నమ్మారు. కుళ్లే శరీరంలో వాయువులు చేరితే ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ద్రవం పైకి తన్నుకొస్తుంది, చర్మం ముడుచుకుంటే గోళ్లు పొడవైనట్టుంటాయి అని పరిశోధకుడు పాల్ బార్బర్ 1988లో ప్రచురించిన పుస్తకంలో వివరించాడు. 1755లో మొరావియా సరిహద్దులో ఒక స్త్రీ శవాన్ని ఇలాగే తీసి కాల్చినప్పుడు మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ చేత విచారణ జరిపించింది. దీంట్లో దెయ్యమేమీ లేదని ఆయన రాశాడు. అధికారుల అనుమతి లేకుండా సమాధులు తవ్వకూడదని, శవాలను కాల్చకూడదని రాణి శాసనం చేసింది. డాక్టరును పంపడం, తర్వాత చట్టం చేయడం. మెదక్‌లో మొదటి పని జరిగింది. రెండోది జరగలేదు.

ఈ పోలికకు ఒక హద్దుంది, దాన్ని దాచకూడదు. సెర్బియా పల్లెలవాళ్లు అనుమానించింది చచ్చిపోయినవాణ్ని. వాళ్లు మేకు దిగ్గొట్టింది శవానికి. మన తెలుగు నేల మీద చచ్చి తిరిగొచ్చి రక్తం తాగే పిశాచి అంత గట్టిగా లేదు. కొరివిదెయ్యాలు, కామినీ పిశాచాలు ఉన్నాయి గానీ పల్లెను నిజంగా వణికించింది బతికున్న పొరుగువాడే. అందుకే ఇక్కడ కాల్చింది మనుషుల్ని. యూరప్‌లోనూ బతికున్నవాళ్లను మంత్రగత్తెలని కాల్చిన శతాబ్దాలున్నాయి, 40 వేల నుంచి 60 వేల మంది ప్రాణాలు పోయాయని చరిత్రకారుల లెక్క. ఆ విచారణలు సన్నగిల్లుతున్న కాలంలోనే ఆస్ట్రియా ఏలుబడిలోని పల్లెల్లో అనుమానం శవాల మీదికి మళ్లడాన్ని చూస్తే, మనుషులకు కావాల్సింది మంత్రగత్తె కాదు, ఒక పేరు అనిపిస్తుంది. పేరు చచ్చినవాడిదైతే ఊరికి నష్టం తక్కువ, బతికినవాడిదైతే ఒక కుటుంబం నాశనం.

కథలు ఈ అనుమానాన్ని ఎలా మోశాయన్నది కూడా చూడాలి. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాకులా’ రక్తపిశాచిని పొరుగు రైతు నుంచి దూరదేశపు జమీందారుగా మార్చేసింది. మన సినిమాల్లో మాంత్రికుడు కూడా మొదట దూరంనుంచే వచ్చాడు. 1942 నాటి జెమినీ ‘బాలనాగమ్మ’లో గోవిందరాజుల సుబ్బారావు వేసినది మాయల మరాఠీ. 1951లో ‘పాతాళభైరవి’లో ఎస్.వి. రంగారావు వేసినది నేపాళ మాంత్రికుడు. ఇద్దరూ ఊరివాళ్లు కారు, ఇద్దరినీ చూసి మన పక్కింటివాణ్ని అనుమానించాల్సిన పని పడదు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ధారావాహికగా వచ్చేసరికి ఆ దూరం పోయింది. డబ్బు కోసం ఒక పసిపిల్ల మీద చేయించిన క్షుద్ర ప్రయోగం, ఆస్పత్రులూ ఉద్యోగాలూ ఉన్న మధ్యతరగతి ఇంట్లోకి వచ్చింది. పిల్లను బతికించింది శాస్త్రమా మంత్రమా అన్నది నవల తేల్చకుండా వదిలేసింది. రంగనాయకమ్మ దాన్ని తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శలో బలం ఉందని నేననుకుంటాను. మెదక్ పల్లెల్లో భయం రాజుకున్న రోజుల్లోనే లక్షలమంది చదివే పత్రికలో ఆ ప్రశ్నను తెరిచి ఉంచడం నిరపాయకరమైన సాహిత్య ప్రయోగం కాదు. అయితే కథలే హత్యలు చేయించాయనడం కూడా సాక్ష్యానికి నిలవదు. బాణామతి భయం ఈ నవలకన్నా ఎంతో ముందుది. మరాఠీ, కన్నడ పల్లెల్లో తులసిదళం చదివినవాళ్లు లేకపోయినా అది ఉంది. కథ చేసే హాని వేరే రకం. చార్లీకి దర్శకుడిచ్చిన రుజువులాంటి నిశ్చయాన్ని అది ప్రేక్షకుడికి అలవాటు చేస్తుంది, అనుమానించినవాడు ఆఖరికి గెలుస్తాడని నేర్పుతుంది. 2021లో ‘మా ఊరి పొలిమేర’, 2023లో ‘విరూపాక్ష’ దాకా ఊరి చేతబడి మన తెరకు ఇష్టమైన సరుకే. వీటి మధ్యలో 2022లో వచ్చిన ‘మసూద’ నాకు విలువైనదిగా కనిపిస్తుంది. అందులోనూ దెయ్యం ఉంది, కానీ పక్కింట్లో ఉండే పిరికి కుర్రాడు తల్లీకూతుళ్లకు సాయంగా నిలబడతాడు. పొరుగువాడు ప్రమాదం కాకుండా ఆసరా కావడం మన భయానక చిత్రాల్లో చాలా అరుదు.

ఇదంతా చదువులేని పల్లెల సంగతి, ఫ్యాక్టరీలు, రోడ్లు, బడులు వస్తే పోతుందన్నది తరచూ వినిపించే వాదన. ఆ వాదనను పరీక్షించడానికి సంగారెడ్డి జిల్లాకన్నా మంచి చోటు దొరకదు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960ల్లో మొదలైంది. 1972లో పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. 1970ల నుంచి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారంలో పారిశ్రామికవాడలు లేచాయి. ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. పల్లెలో బాణామతి భయం, రోడ్డుపక్క బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ ఒకే దశాబ్దంలో, ఒకే జిల్లాలో పెరిగాయి. ఆ ఫ్యాక్టరీలతోపాటే పటాన్‌చెరు పల్లెలకు కొత్త బాధలు వచ్చాయి. నక్కవాగు, ఇసుకవాగు రంగు మారాయి. చెరువుల్లో చేపలు తేలాయి, గొడ్లు చచ్చాయి, బోరు నీళ్లు కంపు కొట్టాయి, ఒంటిమీద దద్దుర్లు లేచాయి, చేలు ఎండాయి. కాగితం మీద పెట్టి చూస్తే ఇది బాణామతి లక్షణాల జాబితాకు చాలా దగ్గర: పాలు ఎండిపోవడం, ఒంటిమీద పొక్కులు, తిండిలో నీళ్లలో మురుగు, కారణం తెలియని జబ్బు.

అయినా పటాన్‌చెరు వాగుల వెంట పల్లెలు ఆ బాధకు పొరుగువాడి పేరు పెట్టకుండా ఫ్యాక్టరీ మురుగు గొట్టం దగ్గరికి నడిచాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ వచ్చిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగుల జబ్బులకూ వాగు నీళ్లకూ లంకె పెట్టి దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పటాన్‌చెరు ఎన్విరోటెక్ పనిచేయడం మొదలుపెట్టింది. 2004లో గ్రీన్‌పీస్ ఈ ప్రాంతపు పల్లెల ఆరోగ్యాన్ని కాలుష్యం లేని ఊళ్లతో పోల్చి నివేదిక ఇచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 ఔషధ కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలే ఆ కేంద్రపు నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు ప్రచురించింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎక్కువ. కాలుష్యం ఇంకా ఆగలేదు, నష్టపరిహారం అందరికీ అందలేదు, ఆ అన్యాయం మీద వేరే వ్యాసం రాయాలి. నా వాదనకు కావాల్సింది మరొకటి. అక్కడ ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న కన్నా ముందు ‘ఏమైంది’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు దొరికారు. నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపే పద్ధతి, రోగుల వివరాలు రాసిపెట్టే వైద్యుడు, విని తీరాల్సిన కోర్టు ఉన్నాయి. గొట్టం కంటికి కనబడుతుంది, మంత్రం కనబడదు, ఈ రెంటినీ పోల్చడం సరికాదని ఎవరైనా అనవచ్చు. కానీ గొట్టాలు కూడా చాలాసార్లు కనబడవు. రాత్రివేళ ట్యాంకర్లలో తెచ్చి వాగులో వదులుతారు, వానాకాలం వరదలో కలిపేస్తారు. ఫలానా జబ్బు ఫలానా కంపెనీ నీళ్ల వల్లే వచ్చిందని చూపడం నిపుణులకే కష్టం. అంత అస్పష్టతలోనూ జనం ఓపిక పట్టి రుజువు కోసం వెతికారు. చదువు తక్కువైన రైతులు కూడా, అడగడానికి చోటు ఉన్నప్పుడు, కారణాన్ని మనిషి ముఖంలో కాకుండా నీటి పరీక్షలో వెతకగలరని ఈ చరిత్ర చెబుతోంది.

ఆ చోటు లేనప్పుడు ఏమవుతుందో అదే జిల్లా, తెలంగాణలోని మరికొన్ని జిల్లాలు చూపించాయి. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో జబ్బుతో పోయిన ఒక మహిళ చితి దగ్గర కనిపించాడని ఒక యువకుణ్ని, బాణామతి చేశాడన్న అనుమానంతో నరికి అదే చితిమీద వేశారు. టీకాలు, జీవౌషధాలు తయారయ్యే జీనోమ్ వ్యాలీ అక్కడికి ఎంతో దూరం లేదు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాల నెపంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ ఒకేసారి చంపారు. 2023 జూన్‌లో సంగారెడ్డి జిల్లా సదాశివపేట మండలం కొల్కూరులో భార్యాభర్తలను చెట్టుకు వేలాడదీసి కొట్టారు, పోలీసులు వచ్చి విడిపించారు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లా రామాయంపేట మండలం కాట్రియాలలో ఒక మహిళ ఇంటిమీద పడి, కొట్టి, పెట్రోలు పోసి కాల్చేశారు. వీళ్లంతా సెల్‌ఫోన్లున్న, పిల్లలు ఇంజనీరింగ్ చదివే ఊళ్లవాళ్లు. కాబట్టి ఫ్యాక్టరీ, చదువు రెండూ ఈ జబ్బుకు మందులు కావు. 1937లో ఆఫ్రికాలోని అజాండే ప్రజల మీద రాసిన మానవశాస్త్రవేత్త ఎవాన్స్-ప్రిచర్డ్, ధాన్యపు గాదె కూలి కింద కూర్చున్నవాడు చనిపోతే ఏం జరుగుతుందో వివరించాడు. చెదలు తిన్న గుంజ వల్ల కూలిందని అజాండేలకు తెలుసు. కూలిన క్షణంలో ఈ మనిషే ఎందుకు కింద ఉన్నాడన్నదే వాళ్ల ప్రశ్న. బడిలో నేర్చిన సైన్సు మొదటిదానికి జవాబు ఇస్తుంది, రెండోదాన్ని తాకదు. జ్వరం వైరస్ వల్ల వస్తుందని తెలిసిన తండ్రి కూడా, ఊళ్లో ఇంతమంది ఉండగా నా కొడుకే ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఆసుపత్రి చీటీ మీద జవాబుండదు. అంజనం వేసేవాడు మాత్రం ఇస్తాడు.

అయితే నిజంగా క్షుద్రపూజలు చేసేవాళ్లు లేరా అన్నది చివరి అభ్యంతరం. ఉన్నారు. కోళ్లు కోసి, బొమ్మలకు సూదులు గుచ్చి, శ్మశానంలో పసుపు కుంకుమ చల్లి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు; పగతో వాళ్లకు డబ్బిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ పనులకు ఎవరి కడుపూ ఉబ్బదు. కానీ ఊళ్లో దెబ్బలు తినేది వాళ్లు కారు. చంపబడినవాళ్లలో చాలామంది మంత్రం ముక్క రానివాళ్లు, కూలి చేసుకునే ముసలివాళ్లు, విధవలు, దళితులు, ఏ అండా లేని కుటుంబాలు. చేతబడి తీస్తానని చెప్పి, పొరుగువాడి వైపు వేలు చూపి, డబ్బు తీసుకుని పోయిన మనిషి పేరు మాత్రం ఎఫ్‌ఐఆర్‌లోకి రావడం అరుదు. హత్యకు ఇప్పటికే శిక్ష ఉంది కదా, ప్రత్యేక చట్టమెందుకనేవాళ్లకు నా సమాధానం ఇదే: హత్యా చట్టం శవం పడ్డాక వస్తుంది, నేరం మాత్రం అంజనం దగ్గర మొదలవుతుంది. బీహార్ 1999లోనే ఒక స్త్రీని డాయన్ (మంత్రగత్తె) అని గుర్తించడాన్నే నేరం చేసింది. మహారాష్ట్రలో హేతువాది నరేంద్ర దభోల్కర్ ఏళ్ల తరబడి ఇలాంటి చట్టం కోసం పోరాడి, 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురయ్యారు. ఆ ఏడాదే అది చట్టమైంది. ఫలానా మనిషి కర్ణి (చేతబడి) చేస్తున్నాడని, మంత్రంతో పశువుల పాలు తగ్గిస్తున్నాడని, రోగాలు తెస్తున్నాడని ప్రచారం చేయడాన్ని అది స్పష్టంగా నేరమంది. కర్ణాటక 2017లో చట్టం చేసి 2020 నుంచి అమలుచేస్తోంది. బాణామతి పాకిన మూడు రాష్ట్రాల్లో రెండింటికి చట్టం ఉంది, బీదర్ నుంచి నారాయణఖేడ్‌లోకి అడుగుపెడితే లేదు.

తెలంగాణ శాసనసభ ఆ చట్టాన్ని తేవాలి. పొరుగువాడి పేరు చెప్పడాన్ని, చెప్పించడాన్ని అందులో నేరంగా రాయాలి. మండలానికో మానసిక వైద్యుణ్ని పంపితేనే ఆ చట్టం బతుకుతుంది, అందుకు డబ్బు కేటాయించాలి. ఊళ్లో ఎవరైనా ఫలానావాడు చేశాడని మీ చెవిలో వేస్తే, ఆ మాట రెండో మనిషికి చేరవేయకండి. వెంటనే 112కు ఫోన్ చేయండి. కొల్కూరు దంపతులను చెట్టుమీది నుంచి దించింది పోలీసులే.